పడుగులో కలిసిన పోగు

మొన్న మా మేనల్లుడి బిడ్డను ఉయ్యాల్లో వేసి తొట్టెల చేశారు. ఏ చీర కట్టుకుందామా అని బీరువా తెరిచి నిలబడితే, మేనల్లుడి భార్య వచ్చి అడుగున మడత విప్పకుండా ఉన్న నారాయణపేట చీరను లాగి, మామ నేసిందే కట్టుకోమని నా చేతిలో పెట్టింది. ఏడేళ్లుగా నేను దాని మీద చెయ్యి వేయలేదని ఆ పిల్లకు తెలియదు.

ఆ మామ మా అన్న, మగ్గం మనిషి. నేను పక్క మండలంలో సర్కారు దవాఖానలో రక్తపరీక్షలు చేసి రిటైరయ్యాను. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంట్లో ఒక్కరు దవాఖానలో పనిచేస్తే చాలు, వాళ్లు చుట్టాలందరికీ డాక్టరు కిందే లెక్క. నిజం చెప్పొద్దూ, ఆ పెద్దరికం నాకూ ఇష్టంగానే ఉండేది.

తెలంగాణ వచ్చిన ఏడు, హెర్నియా ఆపరేషనుకని చేసిన పరీక్షల్లో అన్నకు హెపటైటిస్ బి ఉన్నట్టు తేలింది. కామెర్లంటే పసరు మింగించి ఊరుకున్న కాలంలో పుట్టినవాళ్లం, ఎప్పుడు అంటుకుందో ఎవరు చెప్పగలరు? పట్నంలో డాక్టరు రోజూ వేసుకోవడానికి మాత్ర రాసి, ఆరు నెలలకోసారి కాలేయానికి స్కానింగు మాత్రం తప్పదన్నాడు. మూడేళ్లు అన్న మాట తప్పకుండా తిరిగాడు గానీ, పోయిన ప్రతిసారీ మగ్గం ఆగేది, వదిన సణిగేది.

మూడో ఏట పట్నం రిపోర్టులో రక్తంలో వైరస్ కనబడలేదని వచ్చింది. ఇక పోవాలా వద్దా అని అన్న నన్నే అడిగాడు. ఎందుకైనా మంచిదని మా దవాఖానలో ఈ జబ్బును పట్టే పరీక్ష పట్టీ మీద అతని రక్తం చుక్క వేసి చూశాను. మొదటి గీత పక్కన రెండో గీత కూడా వచ్చింది, పలచగా, కానీ వచ్చింది. రెండో గీత ఉందంటే జబ్బు ఉన్నట్టే. అంత పెద్ద మెషీన్ లేదన్నదాన్ని, ఎండలకు మా గదిలో ఉడికిపోయిన పట్టీ ఉందంటే నమ్మడమేమిటనుకున్నాను. ఇంకో పట్టీ తీసి చూడవచ్చు, డాక్టరుకు ఫోన్ చేయవచ్చు. ఏదీ చేయలేదు, పట్టీని చెత్తబుట్టలో వేశాను. మాత్ర మానొద్దు గానీ స్కానింగుకు పోనక్కర్లేదని అన్నకు చెప్పాను. పట్నం పోయే రోజులు మిగిలాయని సంబరపడి, ఆ రోజుల్లోనే నాకీ చీర నేసి తెచ్చాడు.

రెండేళ్లకు కుడిపక్క నొప్పి మొదలైంది. స్కానింగులో గడ్డ పెద్దదే కనబడింది. అప్పుడు డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. రక్తంలో తిరిగే వైరస్‌ను మాత్ర అణిచిందట గానీ, ఎప్పుడో మొదట్లోనే దాని డీఎన్ఏ ముక్కలు కొన్ని కాలేయ కణాల సొంత డీఎన్ఏలోకి చొరబడి అతుక్కుపోయాయట. కణం రెండైనప్పుడల్లా ఆ ముక్క కూడా రెండవుతుందట, అది పడిన చోటును బట్టి ఒక్కోసారి కణం అదుపు తప్పి క్యాన్సరుకు దారితీస్తుందట. నేను చదువుకున్నదాన్నై కూడా సగమే అందుకున్నాను. అన్నకు వెంటనే అర్థమైంది.

"పడుగుల వేరే పోగు కలిసిందన్నట్టు, చెల్లె. ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు నేస్తం, ఎనిమిదిట్ల అదే పోగు ఉంటది. గుంజితే గుడ్డే పోతది."

అన్నను బయట కూర్చోబెట్టి నేను మళ్లీ లోపలికి పోయాను. ఇంకెవరో రోగి సంగతన్నట్టు, రక్తంలో వైరస్ దొరకకపోయినా పట్టీ మీద గీత ఎందుకు వస్తుందని అడిగాను. అతుక్కున్న ముక్క నుంచి కొత్త వైరస్ పుట్టకపోయినా, దాని పైతొడుగు ప్రోటీన్ మాత్రం తయారవుతూనే ఉండవచ్చని, పట్టీ పట్టుకునేది దాన్నేనని చెప్పాడు. స్కానింగులు మానకుండా ఉంటే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికేదా అంటే, దొరికి ఉండొచ్చు, కచ్చితంగా చెప్పలేమన్నాడు.

ఆ పట్టీ సంగతి అన్నకు చెప్పలేకపోయాను. ఐదు నెలలు మంచం పక్కన కూర్చున్నాను, ప్రతిరోజూ చెబుదామనే పోయేదాన్ని. చివరి వారంలో వదిన ఏడుస్తుంటే, "చెల్లె ఉన్నది గద, దానికన్నీ ఎరుకే" అని ఆమెకే ధైర్యం చెప్పాడు. ఆ మాట విన్నాక చెప్పే ఆలోచనే మానుకున్నాను. ఇన్నేళ్లకు మీకు చెబుతున్నాను.

ఇప్పుడు కాలం మారింది. మేనల్లుడి బిడ్డకు పుట్టిన రోజే ఈ జబ్బు రాకుండా సూది వేశారు. పిల్లలు ఏ రిపోర్టు వచ్చినా ఫోనులో వెతుకుతారు, ఇంకో డాక్టరును అడుగుతారు, నా మాట ఒక్కటే పట్టుకుని కూర్చోరు. మా ఈడువాళ్లు దీన్ని మర్యాద లేకపోవడమంటారు. నాకు మాత్రం ప్రాణం తెరిపిన పడుతుంది. అన్న కూడా నన్ను అంతగా నమ్మకుండా ఉంటే బాగుండేది.

తొట్టెల నాడు ఆ చీరే కట్టుకున్నాను. కట్టుకునే ముందు కిటికీ దగ్గర వెలుతురులో అంచు నుంచి అంచుదాకా జరుపుతూ చూశాను. ఎక్కడా ఒక్క వేరే పోగు లేదు. పడుగులో చిన్న తేడా కనబడినా మగ్గం ఆపి సరిచేసుకునే మనిషి మా అన్న. కనబడిన గీతను కాదనుకున్నది నేను.