షహనాజ్ పేరు లేని చిట్టీలు

2023 సెప్టెంబర్ 25, సోమవారం, ఉదయం పదీ ఇరవై. నాందేడ్ స్టేషన్ దగ్గర మా లేడీస్ టైలరింగ్ దుకాణం షట్టర్ అప్పుడే ఎత్తాను. గది యజమాని వచ్చాడు; మరాఠీలో పిన్నీ అన్నట్టు నన్ను కాకూ అంటాడు.

"కాకూ, కాలనీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ తిరుగుతోంది. నవరాత్రి బట్టలు ముస్లింలతో కుట్టించొద్దట. ఆమెను తీసెయ్యండి, లేదా గది ఖాళీ చెయ్యండి."

ఆమె అంటే షహనాజ్. బోధన్ నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చి, పదిహేడేళ్లుగా నా దగ్గర కుడుతోంది. మధ్యాహ్నాలు ఎదురెదురుగా కూర్చుని హెమ్మింగ్, అంటే అంచు మడిచి చేతికుట్టు వేస్తూ, ఆమె వాళ్ల అత్తను అనుకరిస్తుంటే నేను సూది వదిలేసి నవ్వేదాన్ని. ఇంకెవరి దగ్గరా అంత నవ్వలేదు.

మా దుకాణంలో ప్రతి బ్లౌజుకూ కుట్టినవారి పేరుతో చిట్టీ గుచ్చుతాం. తేడా వస్తే ఎవరు సరిచేయాలో తెలియాలి కదా. ఆ రోజు నుంచి షహనాజ్‌ను ఎవరికీ కనబడకుండా వెనక గదిలో కూర్చోబెట్టాను. ఆమె కుట్టిన వాటికి నా చిట్టీ గుచ్చాను. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను.

తొమ్మిదో రోజు నా చిట్టీ ఆమె కంటపడింది.

"కుట్టింది నేను, పేరు మీదా? నన్ను తీసేసినట్టే గదమ్మా. ఇంక దాసిపెట్టుడు ఎందుకు?"

ఆ సాయంత్రమే మాహూర్ రేణుకాదేవి యాత్రకు ఒకే రంగు బ్లౌజులు కుట్టడానికి ఇచ్చిన రైల్వే కాలనీ ఆడవాళ్లకు ఉన్నదంతా, నేను చేసింది కూడా చెప్పాను. వాళ్లలో పెద్దదైన లక్ష్మక్క మొదట నన్నే కసిరింది: "గిదేం పని? మాకొక మాట చెప్తే ఏం పోయింది?"

మర్నాడు పదకొండు గంటలకు ఆ ఆడవాళ్లు ఇరవై ఆరుమంది యజమాని ఇంటి ముందు నిలబడ్డారు.

"సేఠ్, నీ కొడుకు పెండ్లి షేర్వాణీ ఎవరు కుట్టిన్రు? ముస్లిం దర్జీ గాదా?" అంది లక్ష్మక్క. "మా రవికెలు షహనాజే కుట్టాలె. ఆమె పోతే మేమంత ఆ దుకాణం మెట్ల మీదనే కూసుంటం. గ్రూపుల గా మాట గూడ రాయి."

గంటన్నర తర్వాత ఆయన, "ఉండనివ్వండి" అని లోపలికి వెళ్లిపోయాడు. షహనాజ్ మిషన్‌ను నలుగురు కలిసి మోసుకొచ్చి ముందు గదిలో పెట్టారు.

మనిషి పేరు దాచానంటే, వెళ్లగొట్టమన్నవాళ్ల పని సగం నేనే చేసిపెట్టినట్టు. ఇది నాకు అరవై ఎనిమిదో ఏట తెలిసింది.

పోయినవి: నలుగురు పాత కస్టమర్లు, తిరిగి రాలేదు. షహనాజ్ వెనక గదిలో కూర్చున్న తొమ్మిది రోజులు. నా పేరుతో వెళ్లిపోయిన షహనాజ్ బ్లౌజులు, పంతొమ్మిది.