మగ్గం గుంటలోకి దిగిన ఎండ

మా నాగలింగం మామ కాట్పాడిలో అద్దాల దుకాణంలో పనిచేస్తాడు. బీరువాలకు, బాత్‌రూములకు అద్దాలు కోసి బిగించడం ఆయన పని. గుడియాత్తం నుంచి రోజూ రైల్లో వెళ్లి వస్తాడు. మంచివాడే గానీ, బుర్రలో ఒక ఆలోచన పడిందంటే ఇల్లు పీకి పందిరి వేస్తాడు.

ఆయన భార్య చౌడేశ్వరి అత్త ఇంట్లోనే మగ్గం గుంటలో కూర్చుని లుంగీలు నేస్తుంది. పోయిన ఏడాది పక్కింటి చిన్నరాజు మూడంతస్తులు లేపాడు. మగ్గం గదికున్న ఒక్క కిటికీ చీకటైపోయింది. బల్బు కింద ముదురు రంగుల తేడా తెలియదు. నూలిచ్చి, నేసిన లుంగీలు తీసుకుపోయే పార్థిబన్ ఒకరోజు రెండు లుంగీలు వెనక్కి తెచ్చాడు.

"ఒకే చారలో రెండు రంగులుండాయి అక్కా. నీ కండ్లు తగ్గినట్టుండాది. ఇంకొక తప్పు వస్తే నూలియ్యలేను."

అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. మగ్గం ఆగితే తానేమైపోవాలో ఆమెకు తెలియలేదు.

మామకు మాత్రం పూనకం వచ్చింది. దుకాణంలో మూలన పడేసిన పగిలిన అద్దాలు మోసుకొచ్చాడు. అత్త గడపలో అడ్డం నిలబడింది.

"పగిలిన అద్దం ఇంట్లోకి తెస్తావా? బుద్ధుండాదా నీకు?"

"పగిలిన అంచు కోసేసినాను గదా. ఇప్పుడిది పగిలిన అద్దం కాదు, చిన్నద్దం!"

ఈ న్యాయానికి అత్త నెత్తి కొట్టుకుని పక్కకు జరిగింది.

దుకాణానికి సెలవు పెట్టి బిగించాడు: మిద్దె మీద ఒక అద్దం, పెరటి గోడకు ఒకటి. పైది ఎండను కిందికి దింపాలి, కిందిది దాన్ని మగ్గం గదిలోకి తోయాలి. మొదటి రోజు ఎండ నేరుగా వెళ్లి గడ్డం గీసుకుంటున్న చిన్నరాజు మొహాన కొట్టింది. రెండో రోజు అత్త మొహాన. "ఉండే కండ్లు కూడా తీసేస్తావా అప్పా?" అని అరిచింది. మూడో రోజు సరిగ్గా అమ్మవారి పటం మీద పడింది. వీధిలో ఆడవాళ్లంతా కర్పూరం పట్టుకుని వచ్చేశారు. వాళ్లను పంపేసరికి పొద్దు వాలింది.

నాలుగో రోజు మామ మగ్గం గది లోకప్పుకు సున్నం కొట్టి, ఎండను దాని మీదికి తిప్పాడు. గదంతా పాల వెలుగు! కానీ పొద్దు ఒకచోట నిలవదు కదా. నేసిన బట్ట చుట్టుకునే కర్రకు తాడు కట్టి, మిద్దె మీది అద్దానికి ముడేశాడు. అత్త నేస్తున్నంతసేపు కర్ర తిరుగుతూ తాడు లాగుతుంది, అద్దం పొద్దుతోపాటు తిరుగుతుంది. కబుర్లకు లేచిందా, కాసేపటికి గది చీకటి. నవ్వలేక చచ్చాం.

వారానికి, మామ ఇంట్లో ఉన్న ఆదివారం, పార్థిబన్ కొత్త నూలు తెచ్చాడు. "ఏందక్కా ఇది, సినిమా సెట్టా?" అని నోరు తెరిచాడు. అత్త కట్ట విప్పి, ఆగిపోయింది. రెండు నూలు చిలపలు తీసి అతని అరచేతిలో పక్కపక్కన పెట్టింది.

"ఇది మెరూను నాయనా. మరి ఇదేం రంగు?"

అతను లోకప్పు చూశాడు, నూలు చూశాడు. "ఒకే కట్టలో రెండు రంగులు..." చిలపలు వెలుగులోకి ఎత్తి మళ్లీ చూశాడు. "పోయినసారి నీకిచ్చిన నూలూ ఈ అద్దకమే అక్కా."

మామ అతని మీదికి లేవబోయాడు. అత్త ఆయన చెయ్యి పట్టి ఆపి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు.

"నా కండ్లు బాగుండాయి!" అంది వీధంతా వినేట్టు. "నా కండ్లకేం కాలేదప్పా!"

పార్థిబన్ కట్ట ఎత్తుకుని, వేరేది తెస్తానని గొణుగుతూ లేచాడు.

"సీక్రం తే," అంది అత్త, అప్పటికే మగ్గం గుంటలోకి దిగుతూ. "పొద్దు పోతాది."