వాన రోజుల బూడిద

నా దగ్గర పదకొండు రిజిస్టర్లున్నాయి. గోదావరి ఒడ్డున బొగ్గు గనుల ల్యాబులో నేను పనిచేసిన ఏళ్లవి. ఆఫీసులో రాసిన ప్రతి అంకెనూ సాయంత్రం క్వార్టర్‌కు వచ్చి నా సొంత పుస్తకంలో మళ్లీ ఎక్కించుకునేదాన్ని. ఆఫీసువి చెదలు తిన్నాయి. నావి కరీంనగర్‌లో ఈ రెండు గదుల ఇంట్లో, ఇనుప బీరువాలో ఉన్నాయి. ఇంట్లో మేమే ఉంటాం, అవీ నేనూ.

పోయిన వేసవిలో వాటి కోసం ఒక అమ్మాయి వచ్చింది. నిర్మల్ ఊరి పిల్ల, హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. మన దేశం ఏ ఏడు ఎంత పొగను గాలిలోకి వదిలిందో లెక్క కడతారట. దానికి కాల్చిన బొగ్గు బరువు తెలిస్తే చాలదు. అందులో మండేదెంత, బూడిదగా మిగిలేదెంత అన్నది కూడా తెలియాలి. పాత ఏళ్లకు అదే సరిగ్గా లేదు.

"అయిపోయిన ఏండ్ల లెక్క ఇప్పుడెందుకు బిడ్డా?" అన్నాను.

"పద్ధతి మెరుగైనప్పుడల్లా పాతయి గూడ మళ్ల కట్టాలె అమ్మమ్మా. లేకుంటే పొగ పెరిగిందో తగ్గిందో ఎట్ల తెలుస్తది? ఒక్కో అంకె పక్కన అది ఎంత అటో ఇటో గూడ రాయాలె. మీ పుస్తకాలుంటే గా అటూఇటూ తగ్గుతది."

నాలుగు శనివారాలు వచ్చింది. పేజీలు ఫోటోలు తీసుకుంటూ చివరి పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి, "వానకాలంల అందరి అంకెలు ఎగురుతయి. మీవి కదలనే లేవు" అని మురిసిపోయింది.

అవి ఎందుకు కదల్లేదో బతికున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు. చెబితే నా పుస్తకాల విలువ పోతుంది. ఆ పిల్ల రావడమూ ఆగిపోతుంది. శనివారం కాని రోజుల్లో నేను పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడను.

ల్యాబులో నా పని తూకం. బొగ్గు పొడి ఒక గ్రాము తూచి, కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదను నాలుగు దశాంశాల దాకా తూచేదాన్ని. నమూనా తెచ్చేది వేరే మనిషి. గనిలో పైకప్పు విరిగి కాలు మీద పడ్డాక ఆయనను గని బయట పైపనికి మార్చారు. తేలిక పని అని పేరు. రైలు వ్యాగన్లు ఎక్కి, ఒక్కోదాంట్లో నాలుగు చోట్ల తవ్వి సంచి నింపాలి. మధ్యాహ్నాలు ఇద్దరం ల్యాబు మెట్ల మీద కూర్చుని టీ తాగేవాళ్లం.

ఒక జూలై పన్నెండున వాన పడుతుండగా క్యాంటీన్ వెనక్కి వెళ్లాను. పొయ్యి కోసం రాయి ఏరేసిన, బూడిద తక్కువుండే మంచి బొగ్గు అక్కడ కుప్ప పోసి ఉంటుంది. ఆయన గొడుగును మెడ దగ్గర ఇరికించుకుని, ఆ కుప్పలోంచి సంచి నింపుతున్నాడు.

"ఏందన్నా, వ్యాగన్లు అటుంటే నువ్విటున్నవ్?"

"జర మెల్లగ, మేడమ్. వాన వడ్తే నిచ్చెన జారుతది, కాలు నిలుస్తలే. గిదీ మన బొగ్గే గదా, దుబాయి నుంచి రాలే."

"ఎప్పటి సంది?"

"గవన్నీ యాదికుంటే నీ కుర్చీల నేనే కూసుందు."

నాకు నవ్వొచ్చింది. పై అధికారికి చెబితే ఆయనను పనికిరాడని ఇంటికి పంపేవారు. ఆయన రిటైరయ్యే దాకా నేను నోరు విప్పలేదు. వాన పడ్డ రోజుల్లో క్యాంటీన్ బొగ్గునే నాలుగు దశాంశాల దాకా తూచి రాశాను.

ఐదో శనివారం ఆ పిల్లకు ఇదంతా చెప్పాను.

"మొదాలే చెప్పొద్దా అమ్మమ్మా?" అంది. చాలాసేపు ఫోన్‌లో ఫోటోలు వెనక్కి జరుపుతూ కూర్చుంది. "తీసెయ్యను. పక్కన అటూఇటూ పెంచుత. గానీ మొదలైంది ఎప్పుడో కావాలె."

ఆయన రిటైరైన తేదీ నా దగ్గరుంది. నేను చూసిన తేదీ ఉంది. మొదలైన తేదీ లేదు. అడుగుదామంటే ఆయన లేడు.

తర్వాతి శనివారం ఆమె రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు.

వాన పడిన రోజున చివరి గడిలో 'వాన' అని రాయడం నా అలవాటు. ఈ వానాకాలమంతా కూర్చుని వాన రోజుల బూడిదను ఒక కాగితం మీద, వాన లేని రోజులది మరో కాగితం మీద వేశాను. మొదటి ఏళ్లలో రెండూ ఎగుడుదిగుడుగానే నడిచాయి. ఒక వానాకాలం నుంచి మాత్రం వాన రోజుల అంకెలు కిందికి దిగి, అక్కడే నిలిచిపోయాయి. అది నేను చూసిన రోజుకు ఆరు వానాకాలాల ముందు.

రెండుసార్లు సరిచూశాను. ఆరే. ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్పాను.

"అయితే గంతకు ముందటివన్నీ గట్టియే అమ్మమ్మా!" అంది. బస్సులో ఉన్నానని పెట్టేసింది.

ఆ ఆరేళ్లూ ఆయన రోజూ నా పక్క మెట్టు మీద కూర్చుని, టీ తాగి లేచి వెళ్లాడు. ఎట్లా లేచేవాడో గుర్తు తెచ్చుకుందామని చూశాను. గోడ పట్టుకునేవాడేమో. ఆయనది ఎడమ కాలో కుడి కాలో కూడా నాకు తెలియదు.