ఒకే మబ్బులో పుట్టినవాళ్ళం

నేను బోర అప్పలనరసమ్మని. డెబ్బై దాటాయి. ఉక్కు ప్లాంటు పక్కన క్యాంప్ 2లో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా ఎదురింటి సైన్సు మాస్టారు పోయారు. రేపు పదో రోజు. శివనాథ్ నది ఒడ్డున ఆయన అయినవాళ్ళు ధర్మోదకాలు వదులుతారు. నేనూ వదులుతానన్నాను. వైశాలి నగర్ నుంచి వచ్చిన ఆయన తమ్ముడి కొడుకు అడ్డం పడ్డాడు.

"మామ్మా, మా పెదనాన్నకి నువ్వేటవుతావు? మా గోత్రం కాదు గదా!"

ఏమవుతానో చెబుతాను, వినండి.

శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో వచ్చి, ఒకే రేకుల షెడ్డులో పొయ్యిలు పెట్టుకున్నవాళ్ళం. కరెంటు పోతే వీధంతా తిట్టుకునేది. ఆయన మాత్రం గొడుగు పట్టుకుని సంబరంగా బయటికి వచ్చేవారు.

"వానేది మాస్టారూ, గొడుగట్టుకొచ్చీసినారు?"

"చుక్కలు సూపించడానికే. ముందు పైకి సూడు, నోరు తర్వాత పారేసుకుందువు గాని."

గొడుగు మొనతో కృత్తికల్ని, అదే మా పిల్లలకోడిని, చూపించేవారు. ఆ చుక్కల గుంపంతా ఒకే మబ్బులో పుట్టిందట. వయసు మీదపడేకొద్దీ ఒక్కొక్కటే జారి, ఎటో పోతాయట. మన సూర్యుడికీ అలాంటి తోబుట్టువులు ఉండేవారట. ఇప్పుడెక్కడున్నారో తెలియదట.

"తగువులాడుకునీసినాయేటి?" అన్నాను.

"దూరమైతే తగువేనేటి? ఎంత దూరం పోయినా, ఎలుతురు సూసి ఒక్క మబ్బులోవేనని పోల్చుకోవచ్చు. ఒంట్లో సరుకు మారదు."

మా వీధీ అలాగే అయింది. కొందరు పక్కనున్న కుమ్హారి ఊరికి పోయారు, కొందరు కొడుకుల వెంట పోయారు. చివరికి ఆ రైల్లో వచ్చినవాళ్ళలో ఎదురెదురుగా మేమిద్దరమే మిగిలాం. ఆయన మంచాన పడ్డాక రోజూ గంజి తీసుకెళ్ళేదాన్ని. ఉప్పు తక్కువైందని వంక పెట్టి, గిన్నె ఖాళీ చేసి ఇచ్చేవారు. ఇప్పుడు గంజి కాస్తే వంక పెట్టేవాళ్ళు లేరు.

పెద్దలారా, నా ఒంట్లో సరుకు చూడండి. ఆయన పీల్చిన ప్లాంటు పొగే నేనూ పీల్చాను. ఆయన దగ్గే నాకూ ఉంది. గోత్రం కావాలంటే ఆ దగ్గుని అడగండి.

పిలిచినా పిలవకపోయినా రేపు ఒడ్డుకి వస్తాను. ఇందాక బిందె దగ్గర దోసిలి పట్టి చూశాను. వేళ్ళు వంకర తిరిగిపోయాయి. ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. పంతులుగారు మంత్రం కాస్త తొందరగా చదవాలి.

ఇది అప్పలనరసమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.
చూసినవాళ్ళు: మనవరాలు గౌరి, పక్కింటి కిరాణా కొట్టు సింహాచలం.