శుక్రవారం లెక్కలు

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు మేము ఒమాన్‌లో, సమాయిల్ అనే చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన ఒక రోడ్ల కంపెనీలో సైట్ ఇంజినీరు. చుట్టూ ఖర్జూరపు తోటలు, నాలుగు దుకాణాలు. పిల్ల చదివే ఇండియన్ స్కూలుకి బస్సులో ముప్పావుగంట పైనే పట్టేది.

ఒకరోజు క్లాసు టీచరు నన్ను రమ్మని కబురు పెట్టింది.

"మీ పాప క్లాసు సాగనివ్వట్లేదు మేడమ్" అంది. తాను బోర్డు మీద లెక్క పూర్తిచేసేలోపే పిల్ల జవాబు చెప్పేస్తోంది, ఇంకోలా చేసినా వస్తుంది కదా అని వాదిస్తోంది అని చెప్పింది. "తెలివైన పిల్లే. కాదనను. కానీ నాకు నలభై మంది ఉన్నారు. బయట ఏదైనా క్లాసులో చేర్పించండి."

ఆమె మీద కోపం రాలేదు. అప్పటికే బాగా అలిసిపోయి ఉంది మనిషి.

ఆ బయటి క్లాసు ఎక్కడుందో నాలుగైదు నెలలు వెతికాను. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకావిడ కూచిపూడి అంది, ఇంకొకావిడ "చిన్నపిల్ల, ఆడుకోనివ్వండి, ఎందుకండీ ఈ ఆరాటం" అంది. మస్కట్‌లో ఒక పెద్ద స్కూలు సైన్సు క్లబ్బు నడుపుతోందని తెలిసి ఫోన్ చేశాను. తమ పిల్లలకి మాత్రమే అన్నారు. హైదరాబాద్ ఆన్‌లైన్ క్లాసులో రెండు వందల మంది పిల్లలు, అందరి మైకులూ మూసేసి ఉండేవి. ఆఖరికి మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఒక ట్యూషన్ సెంటర్లో చేర్పించాం. గంట ప్రయాణం. రెండో వారమే మొండికేసింది.

"అక్కడ ఆలోచించకూడదంటమ్మా. ఆలోచిస్తే లేటవుతుందంట."

వినాయక చవితి పూజకి సీబ్‌లో తెలిసినవాళ్లింటికి వెళ్లినప్పుడు దొరికారు మాస్టారు. రాజమండ్రి వైపు ఆయన. సీబ్‌లోనే ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. భోజనాల దగ్గర మా పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "పదిహేనుని వరసగా వచ్చే అంకెలు కలిపి తేగలవా?" అని అడిగారు.

"ఏడూ ఎనిమిదీ" అంది వెంటనే. కాస్త ఆగి, "నాలుగూ ఐదూ ఆరు కూడా" అంది. పప్పన్నం చల్లారిపోతోంది. "ఒకటి నుంచి ఐదు దాకా కలిపినా వస్తుంది!"

మాస్టారు నావైపు తిరిగి, "శుక్రవారం పొద్దున నాకు పనేం ఉండదమ్మా, తీసుకురండి" అన్నారు.

నాలుగు నెలలు ప్రతి శుక్రవారం వెళ్లాం. నేను వంటింట్లో వాళ్లావిడతో కూర్చునేదాన్ని. హాల్లోంచి ఇద్దరి మాటలూ వినిపించేవి. అలా వరస అంకెలతో రాని సంఖ్యలు ఏవో వెతకమన్నారు ఒకసారి. వారమంతా రాసి, మెట్లెక్కుతూనే అరిచింది: "నాలుగు రాదు, ఎనిమిది రాదు, పదహారు రాదు! రెండు నుంచి రెట్టింపు చేసుకుంటూ పోతే ఒక్కటీ రాదు మాస్టారూ!"

"ఎందుకు రావు?"

"మీరు చెప్పండి."

"నేను చెబితే అది నాదైపోతుంది కదా" అన్నారాయన.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా మాట్లాడుతూనే ఉంది. అది విని మా ఆయన కూడా కారు నడుపుతూ ఏవో సంఖ్యలు కలిపి చూశాడు, తప్పు చేసి పిల్ల చేత తిట్లు తిన్నాడు.

అంతలో కాలేజీలో మాస్టారి పోస్టు ఇక్కడివాళ్లకి ఇచ్చారు. నెలలో ఇండియా వెళ్లిపోవాలి. "వాళ్ల దేశం, వాళ్ల పిల్లలకీ ఉద్యోగాలు కావాలిగా" అన్నారు మాస్టారు. వీడియోలో చెబుతానని పిల్లకి మాటిచ్చారు. రెండుసార్లు చెప్పారు కూడా. తర్వాత వాళ్లావిడ ఆరోగ్యం చెడి ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. మూడు శుక్రవారాలు మా పిల్ల తల దువ్వుకుని, పుస్తకం ముందు పెట్టుకుని ఫోను వంక చూస్తూ కూర్చుంది. నాలుగోసారి కూర్చోలేదు. మళ్లీ పాఠం చెప్పమని ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. దగ్గరుండి నేర్పుదామంటే నా చదువు ఆ పిల్ల ప్రశ్నలకి సరిపోదు.

కొన్నాళ్లకి పరీక్ష పేపరు చూస్తే రెండు లెక్కలు ఖాళీగా ఉన్నాయి. ఆ లెక్కలు తనకి రాకపోవడమేమిటి?

"వచ్చమ్మా."

"మరి?"

"అన్నీ రాస్తే నా పక్కన ఎవరూ కూర్చోరు" అంది, బూటు లేసు కట్టుకుంటూ, వానొస్తోందని చెప్పినంత మామూలుగా.

ఆ ఏడాది చివర మీటింగులో టీచరు సంతోషంగా కనిపించింది. "ఎంత మారిపోయిందో! అందరితో కలుస్తోంది, చెప్పింది వింటోంది" అంది. మా ఆయన కారులో, "చూశావా, నువ్వే ఊరికే కంగారు పడ్డావు" అన్నాడు. వెనక సీట్లో పిల్ల ఉంది.

కిందటేడు కంపెనీ మమ్మల్ని సీబ్‌కి మార్చింది. పిల్లకి పన్నెండు నిండాయి. మా వీధి చివరే రోబోటిక్స్, లెక్కలు నేర్పే సెంటరు ఒకటి కొత్తగా తెరిచారు. నేను వెళ్లి చూసొచ్చాను. పదిమంది పిల్లలు, చెప్పే అమ్మాయి పిల్లల చేత ప్రశ్నలు అడిగిస్తోంది. వెతికినన్నాళ్లూ నేను అడిగింది అదే.

"చేరతావా?" అన్నాను ఇంటికొచ్చి.

ఫోనులోంచి తలెత్తకుండా, "వద్దులేమ్మా, బోరు" అంది.

ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలాను. వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, ఎవరో పిల్లవాడు బోర్డు మీద తప్పు రాస్తుంటే చూసింది. సరిదిద్దుతుందేమో అని ఎదురుచూశాను. "వెళ్దామా?" అని నా చెయ్యి పట్టుకుంది.