సగం సావుకారిది, సగం మనది

ఆఖరి గంట కొట్టడానికి కాసేపు ముందు మా బడి వంటగదిలోంచి ఉడికిన బొబ్బర్ల వాసన బయలుదేరుతుంది. కోదాడలో నేను పనిచేసే ఈ బడిలో పదో తరగతి పిల్లలు సాయంత్రం ఆగి చదువుకుంటారు. వాళ్ల కోసం సర్కారు కొంత, ఊళ్లో దాతలు కొంత వేసుకుంటే, దానితో ఇంత బొబ్బర్ల గుడాలో, ఉప్మానో వండించి పెట్టే పని నా నెత్తిన పడింది. పడింది అంటున్నాను గాని, నిజం చెప్పాలంటే ఎవరూ అడగకముందే నేనే చెయ్యి ఎత్తాను. ఆ వాసన వరండా దాటి నా కుర్చీ దాకా వచ్చిందంటే చాలు, సుద్దముక్క చేతిలోనే ఉంటుంది, నేను మాత్రం నేరేడుచర్లలో ఉంటాను, ఆరో తరగతి పిల్లనై, మోదుగాకు డొప్ప పట్టుకొని, మా పెద్దమ్మ గంటె ఎప్పుడు నా వైపు తిరుగుతుందా అని చూస్తూ.

మా అమ్మానాన్నలు మిర్యాలగూడలో రైస్ మిల్లు పనికి పోయేవాళ్లు. మిల్లు వెనక రేకుల గదిలో ఆడపిల్లను పెంచలేమని నన్ను నేరేడుచర్లలో అమ్మ వాళ్ల అక్క దగ్గర ఉంచారు. పెదనాన్న అప్పటికే లేడు. ఉన్న కాస్త మడిచెక్కను, ఒక బర్రెను చూసుకుంటూ ఒంటరిగా బతికే పెద్దమ్మ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. పాలకు తోడు లేకపోతే ఎండుమిరపకాయ తొడిమె వేసి పెరుగు చేసుకునేది తప్ప, చెంచాడు చల్ల కోసం పక్కింటి గడప ఎక్కేది కాదు. పక్కింటి వాళ్లు దీన్ని పొగరనేవాళ్లు. పొగరే అనుకోండి, అది ఆమెకు బాగా నప్పేది.

ఆ రోజుల్లో మా బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్లు కాదు. పొద్దున ఇంట్లో ఏదో ఇంత తిని వచ్చిన పిల్లలు సాయంత్రం చదువు గంటకల్లా కళ్లు తేలేసేవాళ్లు. చిన్నప్పుడు అదే బడిలో అక్షరాలు దిద్దుకొని, తర్వాత మిర్యాలగూడలో మిల్లు పెట్టిన సావుకారి ఒకాయన ఈ సంగతి విని, నూకలు, నూనె నేను పంపుతాను, వండేవాళ్లను చూసుకోండి అన్నాడు. సారు వచ్చి పెద్దమ్మను అడిగాడు. ఒప్పుకుంది గాని, ఊరికే ఒప్పుకోలేదు.

"సగం సావుకారిది, సగం మనది. గట్లయితెనే పొయ్యి ముట్టిస్త సారూ. ప్రతి పిల్ల ఇంట్లకెల్లి పిడికెడు ఏమన్న పట్టుకరావాలె," అంది.

ఏ ఇంట్లో ఏది ఉంటే అదే ఆ పిడికెడు. వానాకాలపు పంట ఇంటికి చేరితే పెసర్లు, బొబ్బర్లు వచ్చేవి. చలి ముదిరాక కందులు, అనుములు, లేత జొన్నకంకులు కాల్చి నలిపిన ఊసబియ్యం. ఎండలు ముఖం పట్టాక చింతపండు, మిరపకాయలు, ఎవరి పెరట్లోనో కాసిన మామిడి పిందెలు. ఏమీ లేనివాడు దారిలో తుమ్మపుల్ల ఒకటి విరుచుకొని చంకలో పెట్టుకొచ్చేవాడు, అదీ పిడికెడు కిందే చెల్లేది. అన్నీ పోయి ఒకే గంజులో పడేవి కాబట్టి ఏ సాయంత్రం ఏ రుచి తగులుతుందో ఆ దేవుడికి కూడా తెలిసేది కాదు. ఒకసారి ఒకరు బెల్లం, ఇంకొకరు వెల్లుల్లి తెస్తే, రెండూ చూసుకోకుండా ఒకేసారి పడిపోయి, ఆ పదార్థానికి పేరు పెట్టలేక కళ్లు మూసుకొని మింగాం. అయినా ఒక్క డొప్పలోనూ మెతుకు మిగల్లేదు.

గంజు దిగేదాకా బడి వెనక మాదే రాజ్యం. మగపిల్లలు చిర్రగోనె ఆడేవాళ్లు, మేము వంట చేసే రేకుల పాక నీడలో కచ్చకాయలు ఎగరేస్తూ, ఒక కన్ను కాయల మీద, ఒక కన్ను పొయ్యి మీద వేసి ఉంచేవాళ్లం. తడికట్టెల పొగ కిందికే పాకి మా గౌన్లలోకి, జడల్లోకి దూరేది. ఆ పొగలోంచి ముందు పెద్దమ్మ తల ఒక్కటే కనిపించేది, తర్వాత చెయ్యి, తర్వాత గంటె, చివరికి "ఇగ రాండ్రి" అనే గొంతు. వరుసలో కూర్చున్న పిల్లల మోకాళ్ల మీద సాయంత్రపు ఎండ పచ్చగా పడేది. వేడి నూకలు డొప్పలో పడగానే మోదుగాకు కమ్మగా ఒక వాసన వదిలేది, చేతులు కాలుతున్నా ఆ డొప్ప కింద పెట్టబుద్ధయ్యేది కాదు. తొలి ఏకాదశికి పేలపిండి, బతుకమ్మ రోజుల్లో సత్తుపిండి, మలీద ముద్దలు కూడా ఆ వరుసలోనే తిన్నాం. పాత గంజు చిల్లిపడితే పెద్దమ్మ నన్ను తీసుకొని సూర్యాపేట పోయి, బజారంతా తిరిగి, అంగడివాడితో గొడవపడి కొత్తది కొని, బస్సులో పెట్టడానికి చోటు లేక దాన్ని నా నెత్తి మీదే బోర్లించింది. ఆ గంజు లోపల చీకట్లో నా ఊపిరే నాకు గుయ్యిమని వినిపిస్తూ ఊరిదాకా వచ్చాను.

సెలవులకు మిర్యాలగూడ పోతే మిల్లు దగ్గర గాలి కూడా ఉడికిన వడ్ల వాసన వేసేది. ఊక బూడిద ఎగిరొచ్చి దండెం మీది బట్టల మీద, అమ్మ కనుబొమ్మల మీద వాలేది. అమ్మ జల్లెడ ముందు కూర్చొని బియ్యాన్నీ నూకలనూ వేరు చేసేది. అందుకే మా బడికి లారీలో నూకల బస్తా దిగినప్పుడల్లా, ఇవి మా అమ్మ చేతుల మీదుగా వచ్చినవేనని నమ్మి, ఎవరూ చూడకుండా ఆ బస్తాకు ముక్కు ఆనించి వాసన చూసేదాన్ని. తవుడు వాసన వచ్చేది. నాకు మాత్రం అమ్మ వాసనే వచ్చేది.

అట్లా హాయిగా సాగుతుండగా ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. సాగర్ కాలువకు నీళ్లు వదల్లేదు. ఎండిన కాలువ అడుగున గుల్లలు ఏరుకుంటూ, పగిలిన మట్టిపెచ్చుల మీద పటపటమని అడుగులేస్తూ మేము బడికి కాలువలోంచే నడిచిపోయేవాళ్లం. పిల్లలం కదా, కరువు మాకు ఆటస్థలం అయింది. ఇళ్లల్లో మాత్రం కుండలు అడుగంటాయి.

అప్పుడు సావుకారి జీపులో వచ్చి బడి ముందర నిలబడి, "ఈ ఏడు ఎవ్వలు ఏం తేవద్దు బిడ్డా. సగం కాదు, మొత్తం నేనే పెడ్త. కడుపునిండ తినుండ్రి," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, ఇప్పటికీ ఆయన్ని తప్పుపట్టబుద్ధి కాదు. మేమంతా చప్పట్లు కొట్టాం. పెద్దమ్మ గంటె పట్టుకొని అట్లాగే నిలబడింది.

మరునాటి నుంచి తిండి వరుసలో పిల్లలు తగ్గిపోయారు. వచ్చేవాళ్లు ఎవరయ్యా అంటే, దుకాణాల వాళ్ల పిల్లలు, సార్ల పిల్లలు, ఇంట్లో తిండికి లోటు లేనివాళ్లు. రావలసిన వాళ్లే రాలేదు. నా పక్కన కూర్చునే పద్మ కూడా రాలేదు. వాళ్ల నాన్న మిర్యాలగూడకు హమాలీ పనికి పోయాడు గాని, వడ్లే లేని ఏడు మోయడానికి బస్తాలెక్కడివి? వాళ్లమ్మ సైదమ్మకు కూలి దొరకడం లేదు. బడికి వచ్చినా, పద్మ గంజు దిగే వేళకు బోరింగు దగ్గరికి పోయి, కడుపునిండా నీళ్లు తాగి, గోడ చాటున కూర్చునేది.

"ఏమే, తినవా?" అని పెద్దమ్మ ఒకసారి నిలదీసింది.

"ఆకలైతలేదు పెద్దమ్మా."

"ఆకలి కానిదానివి గన్ని నీళ్లెందుకు తాగుతున్నవే?"

పద్మ మూతి తుడుచుకొని గోడ చాటుకు పోయింది. తర్వాత నాకొక్కదానికే చెప్పింది. "అమ్మ వద్దన్నది. ఊకె తింటె రేపు అందరు సావుకారి ధర్మం తిన్నరంటరట. దసర కాంగనె నన్ను పెన్‌పహాడ్ తోలుతరంట. మా చిన్నమ్మోళ్లకు మేకలున్నయి. ఆడైతె మేకలు కాసుకుంట అన్నం తింట."

"మరి బడి?"

"బడి ఇగ ఖతం."

ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడుస్తూ పెద్దమ్మకు అంతా చెప్పాను. ఆమె అప్పుడు బర్రె ముందు కూర్చొని, పిల్లలు తినక మిగిలిన నూకలను దాని తొట్టిలో వేస్తోంది. వేస్తున్న చెయ్యి ఆగింది. సైదమ్మను తిడుతుందనుకున్నాను.

"ఎట్ల పంపుతది బిడ్డా? నేనైనా పంపకపోదును," అంది.

పొద్దున లేచేసరికి పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకొని, ఇత్తడి గిన్నె చేతబట్టుకొని వాకిట్లో ఉంది. ఎక్కడికని అడిగితే "అడుక్కునేతందుకు" అంది. నవ్వుతుందేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు. నన్ను వెంటబెట్టుకొని, పిల్లలు రావడం మానేసిన ఇళ్లకే, వెతికి వెతికి ఆ ఇళ్లకే పోయింది. ఉత్త నూకలు పిల్లలు మింగుతలేరు, జర ఏమన్న పెట్టుండ్రి అని ప్రతి గడప ముందూ గిన్నె చాచింది. ఆడవాళ్లు బిత్తరపోయారు. "గిదేందక్కా, నువ్వు అడుగుడేంది?" అంటే, "అవసరం నాదే కదనే," అనేది. ఒక ఇంట్లో నాలుగు మిరపకాయలు పడ్డాయి, ఒక ఇంట్లో ఉప్పు, ఇంకో ఇంట్లో ఎండిన చింతకాయ.

సైదమ్మ మా గిన్నె చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఇంట్ల ఏమున్నదక్కా, నీకు తెల్వదా?"

"తెల్వదు," అంటూ పెద్దమ్మ గడప పక్కన చతికిలబడింది. "ఇచ్చుడు ఇయ్యకపోవుడు నీ ఇష్టం. గీడ కూసునుడు నా ఇష్టం. వట్టి గిన్నె తోటి మాత్రం లేవ."

ఆ మొండితనానికి సైదమ్మకు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంటి వెనకకు పోయింది. బోళ్లు తోమిన నీళ్లు పారే చోట పుంటికూర మొక్కలు నాలుగు ఎట్లాగో బతికున్నాయి. గోంగూరను మా వైపు అట్లాగే అంటారు. ఆకులు గిల్లి తెచ్చి గిన్నెలో వేసింది. పెద్దమ్మ గిన్నెలోకి చూసి, "గింతేనా? పిసినారిదానా, ఇంకింత తెంపు," అని గదమాయించింది. సైదమ్మ ఆ మొక్కలను మోడు చేసి వదిలింది. గిన్నె నిండింది.

తిరిగి వస్తుంటే పెద్దమ్మ ఆగి గిన్నె నన్ను పట్టుకోమంది.

"పెద్దమ్మా, సిగ్గయిందా?" అడగకూడదని తెలియని వయసు నాది.

"అయింది బిడ్డా. మస్తు సిగ్గయింది," అంది.

ఆ సాయంత్రం నూకల్లో పుంటికూర ఉడికింది. పులుపు వాసన బడి గోడ దాటి పోయింది. ఒక్కొక్కరే వచ్చారు, ముందు తలుపు దగ్గర, తర్వాత పాక దగ్గర, తర్వాత వరుసలో. పద్మ వచ్చి నా పక్కన కూర్చుంది. డొప్పలో పడిన ఆకును వేలితో పైకి తీసి, "మా ఇంటి పుంటికూర," అని నా చెవిలో చెప్పింది. అటుపక్క పిల్లకు చెప్పింది. ఎదుటి వరుసకు చెప్పింది. ఇంకాస్త ఉంటే సారును పిలిచి చెప్పేదే. తర్వాత డొప్ప చాచి మారు పెట్టించుకుంది. అది తింటుంటే చూస్తూ నేను నా డొప్ప సంగతే మరిచిపోయాను.

ఆ కరువు తీరేదాకా పెద్దమ్మ గిన్నె పట్టుకొని తిరుగుతూనే ఉంది. సావుకారి మళ్లీ వచ్చినప్పుడు, "మీ సగం మీరు పెట్టుండ్రి, మా సగం మాకుంచుండ్రి," అని మొహం మీదే చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. "నాకేమెర్కనమ్మా, ఆకలిగొంటరని అన్న," అని తల గోక్కున్నాడు. దసరా వచ్చింది, పోయింది. పద్మ పెన్‌పహాడ్ పోలేదు.

పద్మ ఇప్పుడు సూర్యాపేటలో ఒక దవాఖానలో నర్సు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. రేకుల పాక పోయి, ఆ చోట షేర్ ఆటోలు ఆగుతున్నాయి. డొప్పల బదులు స్టీలు ప్లేట్లు వచ్చాయి, మంచిదే, శుభ్రంగా ఉంటాయి. మా కోదాడ బడికి సరుకంతా సంచుల్లో వస్తుంది. పిల్లలను ఏమైనా తెమ్మనే మాట ఎవరి నోటా రాదు. ఏ సాయంత్రం తిన్నా రుచి ఒకటే.

ఈ మధ్య శ్రావణి అనే పిల్ల తిండి వేళకు మెల్లగా జారుకుంటోంది. అడిగితే ఆకలి లేదు టీచర్ అంది. ఆ మాట నాకు కొత్తా? ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ కుట్టుమిషను దగ్గర నుంచి గబుక్కున లేచి, "రండి మేడం, కూర్చోండి," అంటూ కుర్చీ తుడిచి వేసింది. వాకిట్లో మునగచెట్టు పచ్చగా, చిటారు కొమ్మ దాకా ఆకుతో ఉంది. ఇంత ఆకు పెట్టమ్మా, మా పిల్లల గుడాల్లోకి అనడమే. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ వెళ్లాను. తీరా అక్కడ ఆమె కుట్టుకూలి బతుకు చూశాక నోరు పెగల్లేదు. టీ తాగాను. చదువు సంగతి మాట్లాడాను. లేస్తూ లేస్తూ, "పిల్లను తినమనండమ్మా, అక్కడ అంతా ఉచితమే," అన్నాను.

"అట్లాగే మేడం," అంది ఆమె, నేల చూస్తూ.

శ్రావణి ఇంకా తినడం లేదు. దాతలకు ఫోన్ చేసి అడగడానికి నాకు ఏ సిగ్గూ లేదు. లేని ఇంటి గడప పక్కన చతికిలబడి అడగడం మాత్రం పెద్దమ్మకే వచ్చు. నాకు రాలేదు.