బాంగ్ సరే ఒడ్డున పండుగప్ప, నాన్నగారి ప్రార్థన

మా నాన్నగారికి దెందులూరులో చేపల మేత, రొయ్యల మేత అమ్మే కొట్టు ఉంది. రెండువేల ఎనిమిదిలో మేత కంపెనీ వాళ్ళు డీలర్లను థాయ్‌లాండ్ తీసుకెళ్తామన్నారు. మిగతావాళ్ళంతా ఒంటరిగానే బయలుదేరారు. నాన్నగారు మాత్రం పై ఖర్చు తానే పెట్టుకుని అమ్మనీ, నన్నూ వెంటబెట్టుకున్నారు. ఏలూరు స్టేషన్లో తాడేపల్లిగూడెం డీలరు ఒకాయన, "ఏవండీ, పెళ్ళిభోజనానికి ఎవరైనా ఇంటినించి క్యారేజీ కట్టుకెళ్తారండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్నగారూ నవ్వారు. నేను పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

చెన్నై దాకా రాత్రి రైలు, అక్కడినుంచి మూడున్నర గంటల విమానం, బాంకాక్‌లో దిగాక వీసా వరస, ఆపైన రెండు గంటల బస్సు. అలా పట్టాయా చేరాం. ఖాళీ ఇచ్చిన రోజున మేం ముగ్గురం దక్షిణాన ఉన్న బాంగ్ సరే అనే చేపల రేవుకు వెళ్ళాం. రెండువైపులా బల్లలు వేసిన పికప్ వ్యాన్లు మన షేర్ ఆటోల్లా పెద్దరోడ్డు మీద తిరుగుతుంటాయి. మనిషికి ఇరవై బాట్లు తీసుకుని మలుపు దగ్గర దింపేశారు. బాటు అప్పట్లో రూపాయి కంటే కాస్త ఎక్కువ. అక్కడినుంచి ఒడ్డుకు మోటారుసైకిలు టాక్సీ ఉంది కానీ, "చీరతో నేనెక్కనండీ బాబూ" అంది అమ్మ. ఎండలో నడిచాం.

హోటలు నీళ్ళమీద, కర్రల దన్నుతో ఉంది. కింద అలలు కనిపిస్తుంటాయి. పుల్లలతో తినాలేమోనని నేను ఇంటి దగ్గరనుంచే భయపడుతూ వచ్చాను. అక్కడివాళ్ళు తినేది చెంచా, ఫోర్కులతోనే. గాజుతొట్టిలో ఈదుతున్న చేపల్ని చూసి నాన్నగారు చిన్నపిల్లాడైపోయారు. "అమ్మలూ, ఇది మన పండుగప్పే!" అని, వడ్డించే అమ్మాయితో, "మై ప్లేస్, సేమ్ ఫిష్!" అన్నారు. ఆ అమ్మాయి నవ్వింది. ఆ చేపనే ఆవిరి మీద వండి తెమ్మన్నాం, మూడు వందల బాట్లు. నిమ్మరసం, వెల్లుల్లి, పచ్చిమిరప ముక్కలు పైన తేలుతూ, ఘుమఘుమలాడుతూ వచ్చింది. పక్కన కాల్చిన రొయ్యలు, పీత కలిపి వేయించిన అన్నం.

అమ్మ పైట కొంగు తలమీదికి లాక్కుంది. నాన్నగారు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఇంట్లో చేసినట్టే, పైకి, తీరిగ్గా. ఆయన ప్రార్థనలో ముందు ఆహారం వస్తుంది, తర్వాత పట్టినవాళ్ళు, వండినవాళ్ళు, చివర ఆకలితో ఉన్నవాళ్ళు. పక్కబల్ల దగ్గరి తెల్లవాళ్ళిద్దరు తినడం ఆపి చూస్తున్నారు. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. ఎవరూ చేప ముట్టకపోయేసరికి ఆ అమ్మాయి కంగారుగా నా దగ్గరికొచ్చి, "ఫిష్ నో గుడ్?" అంది.

"నో, నో. దే ఆర్ టైర్డ్," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "స్లీపింగ్," అన్నాను.

ఆమె పకపకా నవ్వి వంటింటివైపు ఏదో కేకేసింది. వంటామె తల బయటపెట్టి చూసి తనూ నవ్వింది. నాన్నగారు "వండిన చేతుల్ని దీవించు ప్రభువా" అన్నచోట ఉన్నారు. అక్కడితోనే "ఆమెన్," అనేశారు. ఆకలితో ఉన్నవాళ్ళ దాకా వెళ్ళలేదు.

ఆయన చదివింది పదో తరగతే కానీ, "స్లీపింగ్" అంటే తెలియనంత తక్కువ ఇంగ్లీషు కాదు. చేప బుగ్గ దగ్గరి మెత్తటి ముక్క తీసి నా పళ్ళెంలో వేశారు. "తినమ్మలూ, చల్లారిపోతుంది." చేప చాలా బాగుంది. అంత మంచి చేపను నేను తలెత్తకుండా తిన్నాను.

మర్నాడు పట్టాయా ఒడ్డున రొయ్యల టామ్ యామ్ పులుసు చెప్పాం. గిన్నెలు రాగానే నాన్నగారు చెంచా అందుకున్నారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏమ్మా, తినవా?"

"ప్రార్థన చెయ్యలేదు కదా, నాన్నగారూ."

"రూములోనే చేసుకొచ్చేశాంలే అమ్మా, నువ్వు స్నానానికెళ్ళినప్పుడు," అన్నారు మామూలుగా. అమ్మ పులుసు వైపే చూస్తోంది. కొంగు భుజం మీదే ఉంది.

కోపంతో అన్నా బాగుండేది. నాకు ఇబ్బంది లేకుండా ఇద్దరూ మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేసుకున్నారు, అంతే. కాన్వెంటులో ఇంగ్లీషు నేర్పించింది వాళ్ళే. ఆ పరాయి ఊళ్ళో వాళ్ళ తరఫున మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే. ఆ పులుసు రుచి ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. అక్కడ ఆవిరి చేపను కింద చిన్న మంట ఉన్న పళ్ళెంలో పెట్టి తెస్తారు, తొందరగా చల్లారదు. భోజనానికి ముందు ప్రార్థన చేసుకునే పెద్దవాళ్ళు మీతో ఉంటే, వడ్డించేవాళ్ళకు "ప్రేయింగ్" అని చెప్పండి. అదేమంత కష్టమైన మాట కాదు.